గల్ఫ్‌లో పనిచేసే ఇల్లు వదిలి బయటపడ్డ ఆడవాళ్లకు తలదాచుకునే చోటు, సాయం: గోదావరి డెల్టా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, పి.గన్నవరం, రేవు దాటితే నరసాపురం, ఆ పక్కన పాలకొల్లు, ఆచంట. ఈ ఊళ్లలో కువైట్, దుబాయ్, మస్కట్ పేర్లు వినపడని వీధి ఉండదు. ఇంటి పనికి, వంటకి, పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకోవడానికి వెళ్లిన ఆడవాళ్లలో చాలామంది నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఇల్లు కట్టుకుని క్షేమంగా తిరిగొస్తారు. కొందరికి అలా జరగదు. కొట్టడం, జీతం ఎగ్గొట్టడం, తిండి పెట్టకపోవడం, ఇంకా పైకి చెప్పుకోలేనివి భరించి భరించి ఆ ఇంటి గడప దాటుతారు. కింది జవాబులు అలాంటివాళ్ల కోసం, ఇక్కడ ఫోన్ పట్టుకుని రాత్రంతా మేలుకుని ఉండే వాళ్ల ఇంటివాళ్ల కోసం. హింస తట్టుకోలేక బయటికి వచ్చిన మనిషి ఏ తప్పూ చేయలేదు. ఆమెతో ఫోన్‌లో మాట్లాడే ప్రతి ఒక్కరూ ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మా అక్క కువైట్ నుంచి ఫోన్ చేసి "ఈ ఇంట్లో ఇక ఉండలేను" అంది. బయటికి వచ్చేయమని చెప్పవచ్చా?

ముందు విషయం ఏమిటో నిదానంగా అడగండి. కొడుతున్నారా, గదిలో పెట్టి తాళం వేస్తున్నారా, అన్నం పెట్టడం మానేశారా, ఇంట్లో మగవాళ్లు మీద చెయ్యి వేస్తున్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగక్కర్లేదు. సందు దొరికిన వెంటనే బయటపడి నేరుగా భారత ఎంబసీకి వెళ్లాలి. కువైట్‌లో మన ఎంబసీ దయ్యా ప్రాంతంలో, మిగతా దేశాల ఎంబసీలు కూడా ఉన్న చోట ఉంది. టాక్సీ ఎక్కి "సఫారా హిందియా" అంటే డ్రైవర్‌కు అర్థమవుతుంది. తలుపు దాటే వీలే లేకపోతే పోలీసులకు ఫోన్ చేయాలి. కువైట్‌లో నంబరు 112. దుబాయ్, ఖతర్, బహ్రెయిన్‌లలో 999. ఒమాన్‌లో 9999.

పని ఎక్కువగా ఉందనో, జీతం ఒక నెల ఆలస్యమైందనో, ఇంటి మీద బెంగగా ఉందనో అయితే దారి వేరు. అప్పుడు ఇల్లు వదలకుండానే ఎంబసీకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఆమెను తీసుకెళ్లిన మక్తబ్‌తో, అంటే అక్కడి ఏజెన్సీ ఆఫీసుతో మాట్లాడాలి. వెళ్లిన కొత్తలో అయితే ఇల్లు మార్పించే బాధ్యత మక్తబ్‌దే. తొందరపడి బయటికి వస్తే ఆ అవకాశం పోతుంది.

బయటికి వచ్చేటప్పుడు ఆ ఇంటి వస్తువు ఒక్కటి కూడా వెంట తెచ్చుకోకూడదు. మేడమ్ ప్రేమగా ఇచ్చిన గాజులైనా సరే అక్కడే వదిలేసి రావాలి. ఆమె వెళ్లిపోయాక యజమాని దొంగతనం కేసు పెడితే, అది తేలేదాకా ఆ దేశం దాటి రావడం కుదరదు. తన పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఫొటోలు మాత్రం ముందుగానే వాట్సాప్‌లో ఇంటికి పంపి ఉంచాలి.

ఎంబసీకి వెళ్తే భయం అంటోంది. తెలిసినవాళ్ల రూమ్‌లో ఉంటానంటోంది. ఉండవచ్చా?

వద్దని గట్టిగా చెప్పండి. కువైట్‌లో మాలియాలోనో, ఫర్వానియాలోనో, జలీబ్‌లోనో మనవాళ్ల రూమ్‌లు ఉంటాయి. ఒక రాత్రికి ఆదుకునే మంచివాళ్లూ ఉంటారు. కానీ ఇంటి పని వీసా మీద వచ్చిన మనిషి కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇల్లు వదిలి బయట రూమ్‌లో ఉండి, వేరే ఇళ్లలో గంటల లెక్కన పనిచేస్తే ఆ దేశ చట్టం ప్రకారం ఆమే నేరం చేసినట్టు అవుతుంది. అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, రద్దయ్యాక జరిమానా రోజురోజుకీ పెరుగుతుంది. తనిఖీల్లో దొరికితే తీసుకెళ్లేది షెల్టర్‌కు కాదు, దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే డిపోర్టేషన్ జైలుకు. ఆమెను కొట్టిన యజమాని మీద పెట్టాల్సిన ఫిర్యాదు ఎక్కడా నమోదు కాదు. "పని ఇప్పిస్తా, రూమ్ చూపిస్తా" అని దగ్గరయ్యే బ్రోకర్లలో ఆడవాళ్లను అంతకన్నా ఘోరమైన చోట్లకు అమ్మేసేవాళ్లు ఉన్నారు.

ఇల్లు వదిలిన మొదటి రోజే ఎంబసీ మెట్లు ఎక్కిన మనిషికి, ఏడాది బయట తిరిగి ఎక్కిన మనిషికి అందే సాయంలో చాలా తేడా ఉంటుంది.

ఎంబసీ షెల్టర్ అంటే ఏమిటి? డబ్బు కట్టాలా?

కష్టంలో చిక్కుకున్న మన దేశస్థులకు ఎంబసీ ఏర్పాటు చేసే తాత్కాలిక వసతి. కువైట్‌లో ఇంటి పని ఆడవాళ్ల కోసం ఎంబసీ ప్రత్యేకంగా షెల్టర్ నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వం 2009లో మొదలుపెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి వసతికి, తిండికి, అత్యవసర వైద్యానికి, వకీలు సాయానికి, విమానం టికెట్‌కు కూడా ఖర్చు పెట్టవచ్చు. ఉన్న ఆడవాళ్లు అద్దె గానీ, భోజనం డబ్బు గానీ కట్టక్కర్లేదు. ఎవరైనా "షెల్టర్‌లో సీటు ఇప్పిస్తాను" అని ఇక్కడ మీ దగ్గర డబ్బు అడిగితే అది మోసం.

అది ఇల్లు కాదు, హాస్టల్ కూడా కాదు. గదికి పలువురు ఉంటారు, ఇష్టం వచ్చినప్పుడు బయటికి వెళ్లనివ్వరు, ఫోన్ వాడకం మీద కట్టుబాట్లు ఉండవచ్చు. అది ఆమె రక్షణ కోసమే. కేసు నడుస్తుండగా బయట కనిపిస్తే పోలీసులు పట్టుకోవచ్చు, లేదా కఫీల్ మనుషులు బలవంతంగా తీసుకుపోవచ్చు. "జైల్లో పెట్టినట్టుంది" అని ఆమె ఏడిస్తే ఆ మాట నిజమే అనుకుని వినండి, కానీ అక్కడి నుంచి వెళ్లిపొమ్మని మాత్రం చెప్పకండి.

ఎంబసీది తప్ప వేరే షెల్టర్ లేదా?

ఉంది. కువైట్ ప్రభుత్వం కూడా ఇంటి పని ఆడవాళ్ల కోసం షెల్టర్ నడుపుతోంది. యజమాని మీద ఫిర్యాదు ఉన్నవాళ్లను అక్కడి కార్మిక శాఖ ద్వారానో, ఎంబసీ ద్వారానో అందులో చేర్చుకుంటారు. బహ్రెయిన్‌లో కార్మిక శాఖ కింద పనివాళ్ల రక్షణ కేంద్రం ఉంది. దుబాయ్, అబుదాబిలలో హింసకు గురైన ఆడవాళ్లకు, మనుషుల అక్రమ రవాణాలో చిక్కినవాళ్లకు వేరుగా ఆశ్రయాలు ఉన్నాయి. సౌదీలో రియాద్‌కు దూరంగా ఉన్నవాళ్లు జెడ్డాలోని మన కాన్సులేట్‌కు వెళ్లవచ్చు. దుబాయ్‌లో కూడా కాన్సులేట్ ఉంది, అబుదాబి దాకా వెళ్లక్కర్లేదు.

షెల్టర్‌కు చేరి నెల దాటింది. ఇంకా ఎందుకు పంపించడం లేదు?

అన్నిటికన్నా ఎక్కువగా కుటుంబాలను కుంగదీసేది ఈ ఎదురుచూపే. కారణం తెలిస్తే కాస్త ఊపిరి తీసుకోగలుగుతారు.

గల్ఫ్‌లో పని వీసా కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. పనిమనిషి కనిపించకపోతే కఫీల్ "పారిపోయింది" అని రిపోర్ట్ పెడతాడు. సౌదీలో దీన్ని హురూబ్ అంటారు. ఆ రిపోర్ట్ ఉన్నంతకాలం ఎయిర్‌పోర్ట్‌లో పాస్‌పోర్ట్ ముద్ర పడదు. దాన్ని తీయించాలి, లేదా అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ద్వారా డిపోర్టేషన్ పద్ధతిలో పంపించాలి. ఈలోపు కఫీల్ ఇంకో పేచీ పెడతాడు: "ఈమెను తీసుకురావడానికి మక్తబ్‌కు ఇంత కట్టాను, అది తిరిగి ఇస్తేనే వదులుతాను" అంటాడు. ఎంబసీ అధికారులు కఫీల్‌నీ మక్తబ్‌నీ పిలిచి మాట్లాడతారు. ఒప్పుకోకపోతే వ్యవహారం కార్మిక శాఖకు, అక్కడి నుంచి కోర్టుకు పోతుంది. దొంగతనం కేసు కూడా ఉంటే అది ముగిసేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. పాస్‌పోర్ట్ లేకపోతే కొత్త కాగితం కావాలి. వేలిముద్రలు తీయాలి. జరిమానా ఉంటే కట్టాలి, లేదా మాఫీ చేయించాలి.

అప్పుడప్పుడు ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైట్ 2018లో, 2020లో, మళ్లీ 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 వరకు ఇచ్చింది. ఆ రోజుల్లో అకామా లేనివాళ్లు జరిమానా లేకుండా ఇంటికి రాగలిగారు. అయితే వచ్చే క్షమాభిక్ష కోసం బయట దాక్కుని కూర్చోవడం సరైన దారి కాదు. అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ వారాల్లో మీరు చేయగలిగింది ఒకటుంది. ఆమెకు రోజూ "ఎప్పుడు వస్తావు" అనే ప్రశ్న వేయకండి. జవాబు ఆమె దగ్గర లేదు. పిల్లలతో మాట్లాడించండి, ఇంట్లో కబుర్లు చెప్పండి. కేసు గురించి అడగాల్సింది ఎంబసీని, ఆమెను కాదు.

పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరే ఉండిపోయింది. ఎలా వస్తుంది?

పాస్‌పోర్ట్ లేకపోయినా రావచ్చు. ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్లు అవుట్‌పాస్ అనేది, వైట్ పాస్‌పోర్ట్ అనేది దీన్నే. ఒక్కసారి, ఇండియాకు రావడానికి మాత్రమే పనికొస్తుంది. ఆమె భారతీయురాలని నిర్ధారించుకోవడానికి పాత పాస్‌పోర్ట్ నకలు, ఆధార్, ఓటరు కార్డు లాంటివి కావాలి. అందుకే ఇంట్లో ఆమె కాగితాలు వెతికి స్కాన్ చేసి ఉంచమనేది. కువైట్ చట్టం ప్రకారం ఇంటి పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్ట్‌ను యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఫిర్యాదులో ఈ మాట కూడా రాయించండి.

రావాల్సిన జీతం వదులుకోవాల్సిందేనా?

వదులుకోనక్కర్లేదు, కానీ ఆలోచించి నిర్ణయించుకోవాలి. కువైట్‌లో ఇంటి పనివాళ్లకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. ఒప్పందం ముగిసినప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. ఖతర్‌లో 2017లో, యూఏఈలో 2022లో ఇంటి పనివాళ్ల కోసం చట్టాలు వచ్చాయి. కాబట్టి బాకీ జీతం అడగడం హక్కు.

కేసు నడిపితే అన్నాళ్లూ షెల్టర్‌లోనే ఉండాలి. రెండు మూడు నెలల జీతం కోసం ఇంకా ఎన్నో నెలలు ఉండటం కన్నా ఇంటికి రావడమే మేలని చాలామంది అనుకుంటారు. రెండేళ్ల జీతం ఎగ్గొట్టిన ఇంటిని మాత్రం అంత తేలిగ్గా వదలకూడదని నా అభిప్రాయం. ఎంబసీ వకీలు సాయంతో, తన తరఫున కేసు నడిపేందుకు వేరొకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వచ్చే వీలుందేమో అడిగించండి. అరబ్బీలో ఉన్న ఏ కాగితం మీదా, చదివి తెలుగులోనో హిందీలోనో చెప్పేదాకా, సంతకం పెట్టవద్దని ఆమెకు చెప్పండి. "జీతం మొత్తం ముట్టింది" అని రాసి సంతకం పెట్టించుకుంటారు.

విజిట్ వీసా మీద వెళ్లింది. వయసు 30 కూడా నిండలేదు. ఇలా వెళ్లినవాళ్లకు ఎంబసీ సాయం చేస్తుందా?

చేస్తుంది. ఈ భయంతోనే చాలామంది ఎంబసీ గుమ్మం తొక్కరు, ఏజెంట్లు కూడా ఇదే భయపెడతారు. పదో తరగతి పాస్ కాని, ఈసీఆర్ (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్ట్ ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లకూడదన్నది మన ప్రభుత్వ నిబంధన. 2016 నుంచి అలాంటివాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు, మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. దాన్ని తప్పించుకోవడానికే ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపించి అక్కడ మార్పిస్తారు. తప్పు ఆ ఏజెంట్‌ది. ఆమె ఏ వీసా మీద వెళ్లినా భారత పౌరురాలే, షెల్టర్ తలుపు ఆమెకూ తెరుచుకుంటుంది. ఏజెంట్ పేరు, ఫోన్ నంబరు, డబ్బు ఎలా ఇచ్చారో అన్నీ చెప్పమనండి.

ఇక్కడి నుంచి మేం ఏం చేయాలి?

విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఒక నంబరు వస్తుంది. ఆ తర్వాత ఎంబసీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ నంబరే చెప్పండి. ఇంటర్నెట్ తెలియకపోతే తెలిసినవాళ్ల చేత చేయించుకోవచ్చు. దాంతోపాటు తాడేపల్లిలోని ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి కూడా చెప్పండి. రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఎంబసీలతో మాట్లాడేది ఈ సంస్థే.

అమలాపురంలోనో భీమవరంలోనో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి. అర్జీలో కన్నీళ్ల కథ కన్నా ఈ వివరాలు ముఖ్యం: ఆమె పూర్తి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు, పాస్‌పోర్ట్ నంబరు, వెళ్లిన తేదీ, యజమాని పేరు, ఫోన్, ఇల్లున్న ప్రాంతం, అక్కడి మక్తబ్ పేరు, ఇక్కడి ఏజెంట్ వివరాలు. ఇంటి అడ్రస్ తెలియకపోతే ఆమె పంపిన వాట్సాప్ లొకేషన్ చాలు. లొకేషన్ పంపడం ఆమెకు రాకపోతే ఇవాళే ఫోన్‌లో నేర్పండి.

ఆమె ఏడుస్తూ పంపిన వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టాలా వద్దా అని చాలామంది అడుగుతారు. వీడియో వైరల్ అయ్యాక కదిలిన కేసులు ఉన్నాయి. కానీ ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే ముందు వీడియో పెట్టకండి. యజమాని చూస్తే ఫోన్ లాక్కుంటాడు, ఇంకా హింసిస్తాడు. ఆమె షెల్టర్‌కు చేరాక, ఆమె ఒప్పుకుంటేనే పెట్టండి. తిరిగొచ్చాక ఊళ్లో తలెత్తుకుని తిరగాల్సిన మనిషి ఆమె.

"రెండు లక్షలు ఇస్తే నేనే తెప్పిస్తాను" అంటున్నాడు ఏజెంట్. ఇవ్వాలా?

ఇవ్వవద్దు. లైసెన్సు ఉన్న ఏజెంట్ కూడా మనిషిని పంపడానికి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. లైసెన్సు లేకుండా మనుషుల్ని విదేశీ పనికి పంపడం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం, రెండేళ్ల వరకు జైలు. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెన్సీ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. "మన ఊరివాడే, మన కులంవాడే" అని ఆగిపోతారు చాలామంది. కేసు పడితేనే చాలాసార్లు ఆ ఏజెంట్ అక్కడి మక్తబ్‌కు ఫోన్ చేసి విషయం కదుపుతాడు.

షెల్టర్‌లో ఉన్న మనిషిని శరణార్థి అంటారా? శరణార్థిగా నమోదు చేయిస్తే త్వరగా పని అవుతుందా?

కాదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం, జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఒక సామాజిక వర్గానికి చెందినందుకు సొంత దేశంలో హింస తప్పదని భయపడి, ఆ దేశం దాటి వచ్చి, తిరిగి వెళ్లలేని మనిషి శరణార్థి. మన అక్కచెల్లెళ్లు కోరుకునేదే సొంత దేశానికి రావడం. పైగా కువైట్, సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమాన్, బహ్రెయిన్ ఏవీ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. మన దేశమూ చేయలేదు. అందుకని ఆమెకు దిక్కు శరణార్థి సంస్థ కాదు, మన ఎంబసీయే.

మన వాళ్లు నిజంగా శిబిరాల్లో తలదాచుకున్న రోజులు మాత్రం ఒకసారి వచ్చాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అక్కడి అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా విమానాల్లో తీసుకొచ్చారు. అప్పుడు గల్ఫ్‌లో ఉన్న పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటే అడగండి, చేతిలో కాగితం ఉండటం ఎంత ముఖ్యమో వాళ్లు చెబుతారు.

"లండన్ పంపిస్తా, అక్కడ అసైలం వేస్తే ఇల్లూ డబ్బూ ప్రభుత్వమే ఇస్తుంది" అంటున్నారు. నిజమా?

సగం నిజం చెప్పి పూర్తిగా ముంచే మాట ఇది. బ్రిటన్‌లో ఆశ్రయం కోరి, చేతిలో ఏమీ లేనివాళ్లకు ప్రభుత్వం వసతి, కొద్దిపాటి డబ్బు ఇస్తుంది. ఊరు మన ఇష్టం కాదు. పని చేయడానికి అనుమతి ఉండదు. ఏడాది దాటినా నిర్ణయం రాకపోతే అడగవచ్చు, అదీ కొన్ని రకాల ఉద్యోగాలకే. 2024లో బ్రిటన్ ఇండియాను సురక్షిత దేశాల జాబితాలో చేర్చింది. అప్పు తీర్చడానికి వెళ్లినవాళ్ల దరఖాస్తు నిలబడదు. ఆ వ్యవస్థ ప్రాణభయంతో వచ్చినవాళ్ల కోసం ఉంది. అబద్ధం చెప్పి అందులో దూరితే వాళ్ల అన్నంలో చెయ్యి పెట్టినట్టే.

మగవాళ్లకు షెల్టర్ ఉండదా?

ఆడవాళ్లకున్నంత ఏర్పాటు లేదు. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాయడానికి వెళ్లి చిక్కుకున్నవాళ్లు, కంపెనీ మూతపడి క్యాంపుల్లో ఉండిపోయినవాళ్లు కూడా అదే సంక్షేమ నిధి కింద తిండి, వసతి, టికెట్ అడగవచ్చు. క్యాంపు ఇరుకుగా, వైర్లు వేలాడుతూ ఉంటే ఫొటోలు తీసి ఎంబసీకి పంపమనండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకుని కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో మన రాష్ట్రంవాళ్లూ ఉన్నారు.

తిరిగొచ్చింది. ఇంటికి రానంటోంది. ఎక్కడ ఉంచాలి?

ఇది చెప్పుకోవడానికి కుటుంబాలు సిగ్గుపడతాయి, కానీ జరుగుతూనే ఉంటుంది. పంపిన డబ్బు భర్త తాగేసి ఉండవచ్చు. అత్తవారింట్లో "అక్కడ ఏం జరిగిందో" అని సూటిపోటి మాటలు మొదలై ఉండవచ్చు. ఆమె ఇంటికి రాననడం మొండితనం కాదు, వినండి.

జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. అయిదు రోజుల వరకు ఉండనిస్తారు, వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు, వకీలు సాయం అక్కడే అందుతాయి. అంతకన్నా ఎక్కువ కాలం అయితే శక్తి సదన్‌కు పంపిస్తారు. ఏజెంట్ మీద కేసుకు, భర్త మీద కేసుకు కూడా వకీలు ఫీజు అక్కర్లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఒంటి మీద గాయాలు ఉంటే దిగిన వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోవాలి. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, ఎవరితోనూ మాట్లాడకపోవడం ఉంటే మానసిక వైద్యుడికి చూపించండి. "గాలి సోకింది" అని తాయెత్తులు కట్టి ఊరుకోకండి.

సక్రమంగా ఈసీఆర్ దారిలో వెళ్లి ఉంటే ఆమెకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఆ పాలసీ కాగితం పెట్టెలో వెతకండి.

అర్ధరాత్రి ఫోన్ వస్తే ఎవరికి చెప్పాలి?

విదేశాంగ శాఖ ప్రవాసీ సహాయ కేంద్రం 1800-11-3090కి చేయండి. దుబాయ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు అక్కడి నుంచి 800-46342కు ఉచితంగా చేయవచ్చు. ఇక్కడ మహిళల హెల్ప్‌లైన్ 181, న్యాయ సహాయానికి 15100. ఆమె ఉన్న దేశంలోని మన ఎంబసీ నంబరును ఆమె కాగితం మీద కూడా రాసి దాచుకోవాలి. ఫోన్ లాక్కున్నప్పుడు ఆ చీటీయే పనికొస్తుంది.